పూసలు గుచ్చే పొద్దు

చిత్త కార్తె

చలికాలం వచ్చేసింది. ఇంత గట్టిగా ఎలా చెబుతున్నానంటే, దాన్ని తెచ్చుకున్నది మేమే.

నేను మంగతాయారుని. నిలుపొద్దు ఊరి మైకులో కార్తెకొకసారి "పెరటి మాట" చెప్పేది నేనే. ఏ మొక్కకి ఎప్పుడు ఏం చెయ్యాలో చెబుతాను. ఊరు వింటుంది, లేకపోతే విన్నట్టు తలాడిస్తుంది. ఈసారి చెప్పి ఊరుకోకుండా, జరిగిందల్లా రాసి పెట్టమన్నారు మా పంచాయతీ పెద్ద పెద్దింట్లమ్మగారు. ఈ నేల మీద ఇదే మొదటి చలికాలం, రాబోయేవాళ్ళకి పనికొస్తుందని ఆవిడ ఆలోచన.

మా దగ్గర పొద్దు పొడవదు, వాలదు. మా ముత్తాతలు భూమి వదిలి వచ్చి ఇక్కడ దిగిన రోజున ఎండవైపు కొండ మీద జానెడెత్తున ఎక్కడుందో, ఇప్పుడూ అక్కడే ఎర్రగా నిలబడి ఉంది. రాత్రి కావాలంటే మేమే చేసుకోవాలి. ఊరి మీద గాజు కప్పు ఉంది, కప్పు మీద నల్లటి తెర ఉంది. లాగితే రాత్రి, తీస్తే పగలు. ఇన్నాళ్ళూ కంటినిండా నిద్రకి సరిపడా లాగుతూ వచ్చారు. అంతకుమించి చీకటి కావాలని ఎవరూ అడగలేదు.

అడిగింది నేను, చిక్కుడుపాదు తరఫున.

ప్రతి ఇంటికీ ఎండవైపు అరుగు మీద పందిరి, పందిరి మీద చిక్కుడుపాదు ఉంటాయి. ఆ నీడే లేకపోతే అరుగు మీద కాలు పెట్టలేం. తాతల నాటి నుంచీ కొమ్మ విరిచి నాటుకుంటున్నాం తప్ప, అది పూయగా చూసినవాడు ఊళ్ళో లేడు. కొమ్మలోంచి కొమ్మ, దాంట్లోంచి కొమ్మ. తీగ కొత్తదే గాని ప్రాణం ముసలిది. నా చిన్నప్పుడు అరచెయ్యంత ఉండే ఆకు ఇప్పుడు తమలపాకులో సగం లేదు. గింజ పుడితేగాని పాదుకి మళ్ళీ వయసు రాదు, పువ్వు పూస్తేగాని గింజ పుట్టదు, చీకటి పెరిగి చలి పడితేగాని చిక్కుడు పూయదు. ఈ ముక్క పట్టుకుని రెండేళ్ళు పంచాయతీ గడప అరగదీశాను. చివరికి ఒక్క చలికాలం ఇచ్చారు. రథసప్తమినాడు మళ్ళీ కూర్చుంటారు. అప్పటికి ఒక్క కాయైనా కాస్తే ఏటా చలికాలం ఉంటుంది. లేదంటే తెర పాత లెక్కకి వెళ్ళిపోతుంది, ఆ తర్వాత పాదులు ఒక్కొక్కటీ ఎండిపోతాయి.

వద్దన్నవాడు ఒక్కడే, మా బావ గంగరాజు. తెర లాగేది ఆయనే. అడిగినంత చీకటి పొయ్యడానికి అదేమన్నా మజ్జిగా అన్నాడు. మా వరాలక్క పోయి రెండేళ్ళయింది. అప్పటినుంచీ ఆయనకి ఏదీ నచ్చడం లేదు, అందుకని ఎవరూ పట్టించుకోలేదు.

పగలు ఎంతకి కుదించాలన్నది పెద్ద గొడవైంది. పాత లెక్కలు లేవు. మిగిలినదల్లా ఒక్క సామెత, పుష్యమాసానికి పూసలు గుచ్చ పొద్దుండదని. పెద్దింట్లమ్మగారు దాన్ని పంచాయతీలో అక్షరాలా పట్టుకున్నారు. ఏం పూసలు, ఎన్ని పూసలు, ఎవరు గుచ్చాలి? బావ లేచి ఇంటికి వెళ్ళి ఒక రేకు డబ్బా తెచ్చాడు. అక్క దండ తెగినప్పుడు ఏరి దాచుకున్న పూసలు అవి. తీరిక దొరికినప్పుడు గుచ్చుకుంటానంటూ ఉండేది. అందరం తలా కాసేపు గుచ్చి చూశాం. ఎంత మెల్లగా గుచ్చినా టీ కాగేలోపు అయిపోయాయి. పగలంతా ఇంతే ఉండాలంటే పళ్ళు తోముకునేసరికి పడుకోవాల్సి వస్తుందని బావ అన్నాడు, సభంతా నవ్వింది. ఆఖరికి కార్తె కార్తెకీ కొంచెం కొంచెంగా తగ్గిద్దామని, పుష్యానికి పగటికంటే రాత్రి పెద్దదిగా ఉండేట్టు చూద్దామని తేల్చారు.

డబ్బా మూసేటప్పుడు బావ పూసలు లెక్కపెట్టుకున్నాడు. ఒక పూస దొర్లి బల్ల కిందికి పోతే, సభ అయిపోయాక కూడా ఉండి వెతుక్కున్నాడు.

స్వాతి కార్తె

ఊళ్ళో బాదంచెట్లకి జబ్బు చేసిందని నలుగురు పరుగెత్తుకొచ్చారు. వెళ్ళి చూశాను. ఆకులు ఎర్రబడ్డాయి. నేను చూస్తుండగానే ఒకటి ఊడి, తొందరేమీ లేనట్టు తిరుగుతూ తిరుగుతూ వచ్చి నా కాళ్ళ దగ్గర పడింది. దాన్ని తీసి చీర కొంగులో పెట్టుకున్నాను. ఇది రోగం కాదు, ఆకు రాలే కాలం అన్నాను. రాలిపోతే మళ్ళీ ఎవరు అతికిస్తారని మా పక్కింటి భూషణంగారు అడిగారు. చెట్టే అతికించుకుంటుందంటే నమ్మలేదు.

అరుగుల మీద పొద్దున్నే తడి కనబడుతోంది. గాజు కప్పు చల్లబడి మంచు పడుతోందన్నమాట. ఊళ్ళో ఆడవాళ్ళంతా తమ ఇంటి గొట్టమే కారుతోందనుకుని గుడ్డలు పట్టుకుని తిరిగారు. ఒకావిడ గడ్డి మీద వేలు పెట్టి నాలిక్కి రాసుకుని, చప్పగా ఉందని తేల్చింది. తెర తీసేవేళకి ఎర్రటి ఎండ ఆ తడి మీద పడుతుంటే వీధి ఈ చివర్నుంచి ఆ చివరికి మెరుస్తోంది. మేమంతా అదే ఊళ్ళో ఉన్నామా అనిపించింది.

ఈ కార్తె పెరటి మాట ఇది. రాలిన ఆకు ఊడ్చి తగలబెట్టకండి, మొక్కల మొదళ్ళలో దుప్పటిలా పరవండి. నీళ్ళు సగానికి సగం తగ్గించండి, చల్లటి నేల తడి పట్టుకుని ఉంటుంది. కరివేపాకుని కత్తిరించకండి, ఎరువు వెయ్యకండి, అది చలికి అలిగి కూర్చుంటుంది, కూర్చోనివ్వండి. ధనియాలు నలిపి చల్లుకోండి, మెంతులు నానబెట్టి చల్లుకోండి. చేమంతుల తలలు ఇప్పుడు తుంచకండి, మొగ్గ కట్టే వేళ. చలి ముదరకముందే చిక్కుడుపాదులు తీయండి. తీసినచోట ఎండాకు నింపి, పైన పల్చగా మన్ను కప్పండి.

మొదటిసారి నా మాట ఊరంతా శ్రద్ధగా వింది. మైకు గది కిటికీలోంచి చూస్తే వీధిలో మనుషులు నిలబడి వింటున్నారు. గర్వంగా అనిపించిందని దాచకుండా రాస్తున్నాను.

విశాఖ కార్తె

రాయడానికి చెయ్యి రావడం లేదు.

తెర తీశాక బయటికి వస్తే ఎండ సూటిగా కళ్ళలో పొడిచింది. మా వీధిలో ఎప్పుడూ లేనిది. చూద్దును కదా, పందిళ్ళన్నీ బోసిగా ఉన్నాయి. వీధి చివర ఎరువు గుంట పక్కన చిక్కుడు తీగలు గుట్టగా పడి ఉన్నాయి. భూషణంగారు గునపం భుజాన వేసుకుని ఎదురొచ్చారు. నువ్వు చెప్పింది చెప్పినట్టు చేశాం తాయారమ్మా, పీచు కూడా మిగలకుండా వేళ్ళతో సహా తీసేశాం, నువ్వు లేచేలోపే మీ ఇంటిది కూడా మేమే తీసి పెట్టాం, గుంటల్లో ఆకు కూడా నింపాం అన్నారు. ఆయన ముఖంలో పని బాగా చేసిన తృప్తి ఉంది.

నేను గుట్టలోంచి ఒక తీగ లాగి చూశాను, వేళ్ళకి మన్ను ఇంకా తడిగానే ఉంది.

మా అమ్మమ్మ గొట్టాల నీళ్ళని నమ్మేది కాదు. మొక్క మొదట్లో చుట్టూ మన్ను తీసి, గట్టు కట్టి, చెంబుతో నీళ్ళు పోసేది. దాన్ని పాదు తియ్యడం అనేది. అక్కకీ నాకూ ఆ మాట అన్నంతోపాటు ఒంటబట్టింది. మిగతా ఊరికి సన్నగొట్టాల్లోంచి వేరు దగ్గరికే నీళ్ళు చేరతాయి. మూడు తరాలుగా ఎవరూ మొక్క మొదట్లో మన్ను తీసింది లేదు. వాళ్ళకి పాదంటే తీగ, అంతే. పాదు తీయమంటే తీగ పీకేశారు.

ఎందుకు తీయమంటున్నానని ఒక్కరికైనా అనుమానం రాలేదా అని భూషణంగారిని నిలదీశాను. రెండేళ్ళుగా తీగ ముసలిదైపోయిందని నువ్వే కదమ్మా మొత్తుకున్నావు, ముసలిది తీసి కొత్తది పెడతారేమోనని అందరం అనుకున్నాం అన్నారు ఆయన.

గుట్టలోంచి కొమ్మలు ఏరి, కుండల్లో నాటి, ఇళ్ళలో పొయ్యి పక్కన పెట్టించాను. చలికి వేరు పట్టదని నాకు తెలుసు. అయినా నాటించాను.

అప్పుడు గుర్తొచ్చింది, బావ ఉండే తెర ఆఫీసు ఊరికి దూరంగా, ఎండవైపు మెట్ట మీద ఉంటుంది. చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లెక్కాను. అరుగు మీద పందిరి, పందిరి నిండా చిక్కుడుపాదు. బావ దాని కింద కూర్చుని కాఫీ తాగుతున్నాడు.

నువ్వెందుకు పీకలేదని రొప్పుతూ అడిగాను.

"నీ మాట వింటే ఇంక నేను బావనెందుకవుతానే?" అన్నాడు.

నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆయన గ్లాసులో మిగిలిన కాఫీ నేనే తాగేశాను.

అనూరాధ కార్తె

మైకులో ఊరందరికీ క్షమాపణ చెప్పాను. పాదంటే ఏమిటో, తియ్యడమంటే ఏమిటో చిన్నపిల్లలకి చెప్పినట్టు చెప్పాను. తిట్టినవాళ్ళు తిట్టారు. మిగతావాళ్ళు అంతకంటే ఘోరంగా వేళాకోళం మొదలుపెట్టారు. అన్నం తియ్యవే అంటే, "తాయారమ్మ లెక్కనా, మామూలుగానా?" అని అడుగుతున్నారట ఇళ్ళలో. పడ్డాను. ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగాలి కదా.

అరుగుల మీద ఎండ కాస్తోంది. జనం పాత చీరలు, గోనెపట్టాలు పందిళ్ళకి కట్టుకున్నారు. చలికాలం కాబట్టి ఓర్చుకోగలుగుతున్నాం. తెర మళ్ళీ పాత లెక్కకి వెళితే ఏమవుతుందో ఆలోచించడం మానేశాను.

బావ ఇంటి పాదుకి నేనే వెళ్ళి పాదు తీశాను. వేరు తగలకుండా చేత్తోనే మన్ను లాగి, బాదం ఆకు నింపి, మన్ను కప్పాను. ముదురు తీగలు నాలుగు పందిరికి కట్టాను. పురుగు పట్టకుండా వేపనూనె కలిపిన నీళ్ళు చిలకరించాను. బావ చూస్తూ కూర్చున్నాడు. ఒక్కసారి మాత్రం మెల్లగా కట్టు, నరం బిగుస్తుంది అన్నాడు. తీగకి నరమేమిటి అన్నాను. లేచి వచ్చి ఆ కట్టు తనే వదులు చేశాడు.

చలి రోజురోజుకీ దగ్గరికి జరుగుతోంది. మాట్లాడితే నోట్లోంచి పొగ వస్తోంది. జనం పని లేకపోయినా వీధిలోకి వచ్చి ఒకరితో ఒకరు మాట్లాడి, పొగ చూసుకుని వెళుతున్నారు. దుప్పట్లు కప్పుకుని నడిచేవాళ్ళు మంచులో దూరం నుంచి ఎవరో తెలియరు, దగ్గరికొచ్చాక నవ్వుతారు. పగలు కురచై, అందరూ పెందలాడే ఇళ్ళకి చేరి, పొయ్యి చుట్టూ కూర్చుని, ఎప్పుడూ తినని చిక్కుడుకాయ కూర ఎలా వండాలో వాదించుకుంటున్నారు. భూషణంగారి భార్య ఈనెలు తీసి చేత్తోనే తుంచాలంటుంది. కత్తి పెడితే రుచి పోతుందని వాళ్ళ ముత్తవ్వ చెప్పిందట.

జ్యేష్ఠ కార్తె

మా చేమంతి పూసింది.

ఇన్నాళ్ళూ చేమంతంటే వాసనాకు మొక్కేనని ఊరంతా అనుకుంది. పొద్దున లేచేసరికి కుండీలో పసుపుపచ్చగా విచ్చుకుని ఉంది. వీధి వీధంతా వచ్చి చూసింది. రెండు రోజుల్లో అందరిళ్ళలోనూ పూశాయి. అంటే చీకటి సరిపోతోంది. సామెత పని చేసింది.

మరి చిక్కుడు ఎందుకు మొగ్గ తొడగలేదు?

రోజూ మెట్లెక్కి తీగ తీగా వెతుకుతున్నాను. ఆకు మీద ఆకు వేస్తోంది తప్ప మొగ్గ లేదు. నీళ్ళు తగ్గించి చూశాను. బూడిద వేసి చూశాను. చివరికి అనుమానం వచ్చి, తెర మూశాక దీపం లేకుండా తడుముకుంటూ మెట్టెక్కాను.

పందిరి మీద వెలుగు ఉంది. తెర అంచుకీ గాజు కప్పుకీ మధ్య బెత్తెడు సందు వదిలేసి ఉంది. దాంట్లోంచి ఎర్రటి గీత ఒకటి దిగి, పాదు మీద నుంచి పాకి, తలుపు తెరిచి ఉన్న బావ గదిలోకి వెళుతోంది. ఊరంతా చలికాలంలో ఉంటే ఆ ఒక్క పందిరి ఇంకా ఎండాకాలంలో ఉంది. రాత్రి మధ్యలో కాస్త వెలుగు తగిలినా చిక్కుడు దాన్ని రాత్రి కింద లెక్కపెట్టదు. బావ మంచం మీద కళ్ళు తెరుచుకునే పడుకుని ఉన్నాడు.

అడిగితే మర సరిగ్గా పట్టడం లేదన్నాడు. బాగు చేయిస్తానంటే, వేళ తెలియడానికి కావాలనే వదిలానన్నాడు. తెర తీసే వేళకి గంట మోగుతుంది కదా అన్నాను. దాంతో కోపం వచ్చింది. మొక్కల సంగతి నువ్వు చూసుకో, తెర సంగతి నాకొదిలెయ్ అన్నాడు. నాకూ కోపం వచ్చింది. ఊరు ఊరంతా తుడిచిపెట్టుకుపోయేట్టుంటే నీ మొండితనం నీదేనా అన్నాను. పంచాయతీలో చెబుతానని కూడా అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. మెట్లు దిగుతుంటే మా అక్క ఉంటే బాగుండుననిపించింది. మా ఇద్దరి మధ్యా పడి ఇద్దర్నీ తిట్టేది.

మూల కార్తె

పంచాయతీకి నేను చెప్పలేదు. బావే మా ఇంటికొచ్చాడు.

తెర ఆఫీసు వదిలి ఆయన ఊళ్ళోకి దిగడమే అపురూపం. దుప్పటి కప్పుకుని అరుగు మీద కూర్చున్నాడు. కాఫీ ఇస్తే చేతులు కాచుకున్నాడు, తాగలేదు. చేమంతులు చూశాడు. అప్పుడు చెప్పాడు.

"ఆ కొమ్మ మీ అక్క నాటిందే. పోయే ముందు నాటింది. నువ్వే కాదు, దేవుడొచ్చి మైకులో చెప్పినా పీకేవాణ్ణి కాదు."

ఊ అన్నాను. నరం బిగుస్తుందన్న మాట అప్పుడు అర్థమైంది.

"చీకటైపోతే మంచం మీద పక్కన లేదని తెలిసిపోతుందే. ఆ సందులోంచి వెలుగొస్తా ఉంటే, లేచి బయటికెళ్ళింది, వచ్చేస్తాదిలే అనిపిస్తది. అంతే, ఇంకేం లేదు."

రెండేళ్ళు అందరికీ చీకటి పంచింది ఈ మనిషి. తన మంచం దగ్గరికి మాత్రం రానివ్వలేదు. చీకటి కావాలని ఊరిని వేధించినదాన్ని నేను. ఆ సందు మూసెయ్యమని అడగడానికి మనసొప్పలేదు. గింజ లేకపోతే లేకపోయిందిలే అని కూడా అనిపించింది. ఏడుపు ఆగలేదు, ఆపుకోవాలని కూడా చూడలేదు.

ఆయనే అడిగాడు. "పూయాలంటే మొత్తం మూసెయ్యాలా?"

"మూసెయ్యాలి బావా."

లేచి వెళ్ళిపోయాడు. ఆ పూట తెర పడ్డప్పుడు, సందు సంగతి తెలిసినప్పటినుంచీ చూస్తున్నట్టే మెట్ట వైపు చూశాను. ఎర్ర గీత లేదు. ఆ గీత ఒకటి ఉందన్న సంగతే ఊళ్ళో ఇంకెవరికీ తెలియదు. నాకు మాత్రం ఊరి మీద ఆఖరి కిటికీ మూసేసినట్టయింది. ఉండబట్టలేక అన్నం గిన్నె పట్టుకుని, గోడ తడుముకుంటూ మెట్లెక్కాను.

పందిరి కింద నుంచి సన్నటి చప్పుడు వస్తోంది, రేకు మీద ఏదో దొర్లుతున్నట్టు. బావ పాదు పక్కన కూర్చుని, ఒళ్ళో డబ్బా పెట్టుకుని, చీకట్లో చేత్తో తడుముతూ అక్క పూసలు గుచ్చుతున్నాడు. గుచ్చడం అయిపోతే దారం లాగేసి, మళ్ళీ డబ్బాలో పోసి, మళ్ళీ మొదటినుంచి గుచ్చుతున్నాడట.

"పుష్యమాసంలో పూసలు గుచ్చ పొద్దుండదన్నారు గాని, గుచ్చడానికి చీకటి మాత్రం బోలెడుందే తాయారూ," అన్నాడు.

అన్నం తినే వరకూ కూర్చుని వచ్చాను.

ఉత్తరాషాఢ కార్తె

పోయిన కార్తెలో రాయడానికేమీ లేదు. ఎదురుచూశాం, అంతే. బావ రోజూ గుచ్చాడు, నేను రోజూ వెతికాను. కుండల్లో నాటిన కొమ్మలన్నీ కుళ్ళిపోయాయి. ఊళ్ళో ఉన్నది ఇక ఈ ఒక్క పాదే.

నిన్నటి సంగతి రాస్తాను. తెర మూశాక, అందరం దుప్పట్లలో దూరాక, ఊరి మైకు గరగరలాడింది. తెర ఆఫీసులోనూ ఒక మైకు ఉంది, దాంట్లోంచి బావ గొంతు వినిపించింది. ఆయన మైకులో మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

"తాయారూ, ఒకసారి రా. చేతికేదో తగిలింది. ఆకు కాదు."

నన్నొక్కదాన్ని పిలుస్తున్నాననుకున్నాడు పాపం. మైకంటే ఊరంతటికీ అని మర్చిపోయాడు. నేను తలుపు తీసేసరికి వీధిలో జనం ఉన్నారు. ఎవరో దీపం వెలిగించబోతే కసిరాను. ఈ పాదుకి చీకట్లో వెలుగు చూపించకండి అన్నాను. ఈసారి నా మాట సరిగ్గానే అర్థమైంది. దుప్పట్లు కప్పుకుని, ముందున్నవాళ్ళ భుజం పట్టుకుని, ఒకరి వెనక ఒకరు ఆ చీకట్లో మెట్లెక్కారు. అడుగుల చప్పుడు, ఊపిరి చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. నిద్రలో నడుస్తున్నామేమో అనిపించింది నాకు.

బావ నా చెయ్యి పట్టుకుని తీగ మీద పెట్టాడు. సన్నటి కాడ, కాడకి రెండు వైపులా చిన్న చిన్న బొడిపెలు. కింద ఒకటి విచ్చుకుని మెత్తగా, చల్లగా తగిలింది. నేను పైకే నవ్వేశాను. అది చూసి, కాదు, విని, అందరికీ సంగతి తెలిసిపోయింది.

అప్పుడు బావే అన్నాడు, ఒక్కొక్కరూ వచ్చి ఒక్క వేలితో ముట్టుకుని వెళ్ళమని. పెద్దింట్లమ్మగారు ముందు ముట్టుకున్నారు. భూషణంగారి వంతు వచ్చినప్పుడు ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు, పీకిన చెయ్యి కదమ్మా ఇది అని. పట్టుకుని నేనే ముట్టించాను. నిలుపొద్దు ఊరు ఊరంతా వరసలో నిలబడి, తమ మొదటి చిక్కుడు పువ్వుని కళ్ళతో చూడకుండా వేలితో చూసింది.

గంట మోగాక బావ తెర తీశాడు. పువ్వు లేత ఊదా రంగులో ఉంది. ఎవరూ ఇళ్ళకి వెళ్ళలేదు.

ధనిష్ఠ కార్తె, రథసప్తమి

ఊదా పూలు రాలి కాయలు దిగాయి. పల్చగా, పచ్చగా, నెలవంక వంపు తిరిగి. కూర కోసం ఊరంతా నోరు కట్టుకుని కూర్చుంది. ఒక్కటి కూడా కోయనివ్వలేదు. అన్నీ విత్తనానికే అన్నాను. భూషణంగారి భార్య రోజూ వచ్చి కాయల్ని చూసి, నీళ్ళు మింగి వెళుతోంది.

రథానికి మాత్రం ఏడు కాయలు కోశాను. రథసప్తమికి చిక్కుడుకాయలతో రథం కట్టాలన్నది ఆనవాయితీ. ఇన్నాళ్ళూ ఉత్త పుల్లలతో కట్టేవాళ్ళం. కదలని సూర్యుడికి రథమెందుకు, ఎప్పుడో చక్రాలు ఊడిపోయాయి అని పెద్దవాళ్ళు నవ్వుకునేవారు. ఈసారి పచ్చటి రథం కట్టి, చిక్కుడాకు మీద పరమాన్నం పెట్టి, మెట్ట మీద ఎండకి ఎదురుగా ఉంచాం.

అక్కడే పంచాయతీ కూర్చుంది. చలికాలం వద్దనేవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పమన్నారు పెద్దింట్లమ్మగారు. అందరూ బావ వైపు తిరిగారు. ఆయన లేచి నిలబడ్డాడు.

"తెర లాగేవాణ్ణి నేను. ఏటా లాగుతాను. సందు లేకుండా లాగుతాను," అని కూర్చున్నాడు.

సందంటే ఏమిటో నాకు తప్ప అక్కడ ఎవరికీ తెలియదు. చప్పట్లు మాత్రం గట్టిగా కొట్టారు.

శతభిషం కార్తె, శివరాత్రి

చలి శివ శివా అంటూ వెళ్ళిపోతోంది. మంచు పల్చబడింది. బాదంచెట్ల కొమ్మల చివర ఎర్రటి చిగుళ్ళు వచ్చాయి. భూషణంగారు చెట్టు కింద నిలబడి, ఇదుగో అతికించుకుంటోందమ్మా అని నన్ను కేకేసి చూపించారు.

కాయలు పాదు మీదే ఎండి గలగలలాడాక కోశాం. బావా నేనూ పందిరి కింద కూర్చుని ఒలిచాం. నల్లటి గింజ, ఒక వైపు తెల్లటి బొట్టు. ఇంటికొకటి చొప్పున సరిపోయి, నాలుగు మిగిలాయి. ఇవాళ పెరటి మాటలో ఏం చెప్పాలో చాలాసేపు ఆలోచించాను. తేలికైన మాట వాడొచ్చు, గుంట తవ్వండి అనొచ్చు. కాని అమ్మమ్మ మాట నా వల్ల ఊళ్ళో చచ్చిపోవడం ఇష్టం లేకపోయింది. గొంతు సవరించుకుని, పాదులు తీయండి అన్నాను. తీసి గింజ పెట్టండి, చెంబుతో నీళ్ళు పోయండి అన్నాను.

కిటికీలోంచి చూశాను. ఎవరూ గునపాలు తేలేదు. వీధి పొడవునా ప్రతి అరుగు ముందూ మోకాళ్ళ మీద కూర్చుని, చేతులతో గుండ్రంగా మన్ను తీస్తున్నారు. ఇంత లోతు చాలా తాయారమ్మా అని ఒకరి తర్వాత ఒకరు అరుస్తున్నారు. వెళ్ళి ఒక్కొక్కటీ చూసి, చాలు చాలు అని చెప్పుకుంటూ వచ్చాను.

రేపటినుంచి తెర పాత లెక్కకి వెళుతుంది, మళ్ళీ చిత్త కార్తె దాకా. చలికాలపు ఆఖరి చీకటి కదా, బావకి తోడుగా ఉందామని మెట్టెక్కాను. నేను వెళ్ళేసరికే గుచ్చడం అయిపోయింది. డబ్బా ఖాళీగా ఉంది. దారం లాగేస్తాడేమోనని చూశాను. లాగలేదు. రెండు కొసలూ పట్టుకుని, చీకట్లోనే, నెమ్మదిగా ముడి వేశాడు.

"మరి వచ్చే చలికాలం ఏం గుచ్చుతావు బావా?" అన్నాను.

"అప్పుడు పూసలతో పనేముందే? చిక్కుడుకాయలు ఒలుచుకుంటా."

గంట మోగింది. దండ నా చేతిలో పెట్టి, తెర తీయడానికి లోపలికి వెళ్ళాడు.